పెర్సిమన్ వాగు అని చెప్పాడు

మూడు రోజులుగా గాలి తగ్గలేదు. లవెల్ కూడా తగ్గలేదు. కాలుగాలిన పిల్లిలా వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి పడవ ఉన్న షెడ్డులోకి, అక్కణ్ణించి మళ్ళీ వంటింట్లోకి తిరుగుతూనే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా ఫ్రిజ్ తలుపు తీసి లోపలికి తొంగి చూసేవాడు, ఈలోగా ఎవరో వచ్చి చేపలు పెట్టి వెళ్ళినట్టు. తర్వాత కిటికీలోంచి ఎదురింటి జెండా కేసి చూసి నిట్టూర్చేవాడు. జెండా గుడ్డ కర్ర నుంచి తెగిపోతుందేమో అన్నట్టు కొట్టుకుంటోంది.

ఫిబ్రవరి నెలాఖరు. మిసిసిపీ ఉత్తరాన ఆ రోజుల్ని ఎవరూ నమ్మరు. అంతకు ముందు వారమంతా ఎండ కాసింది. లోతుల్లో ముడుచుకుని ఉన్న క్రాపీలు ఒడ్డు దగ్గరికి రావడం మొదలుపెట్టాయి. అరచేతి వెడల్పున, వెండి మీద మిరియాలు చల్లినట్టుండే ఆ చేప కోసమే టలూషా జలాశయం చుట్టూ ఉన్న మగవాళ్ళు ఏడాదంతా బతుకుతారు, మిగతా పనులన్నీ మధ్యలో చేస్తారు. సరిగ్గా పడవలకి నూనెలు పోసుకుని సిద్ధమయ్యేసరికి వాయవ్యం నుంచి చలిగాలి దిగింది.

సోఫాలు కుట్టే ఫ్యాక్టరీలో ఉన్నంత కాలం లవెల్ ఇలాంటి గాలుల్ని పని మధ్యలో మరిచిపోయేవాడు. రిటైరయ్యాక మరిచిపోవడానికి ఏమీ మిగల్లేదు. భార్య ఓలెటా స్కూలు బస్సు నడిపిన మనిషి. అరవైమంది పిల్లల్ని అద్దంలో ఒక్క చూపుతో కూర్చోబెట్టిన మనిషి. కానీ మొగుణ్ణి కూర్చోబెట్టడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు. మూడో రోజు సాయంత్రం, ఆవిడ రొట్టెల పిండి కలుపుకునే బల్ల మీద లవెల్ తన గాలాల పెట్టె బోర్లించాడు. సీసపు గుళ్ళు పిండిలోకి దొర్లాయి. అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి.

"ఇంకోసారి ఆ ఫ్రిజ్ తలుపు తీశావంటే నిన్నే అందులో పెట్టి మూస్తా," అంది.

"ఎండ కాసినప్పుడు ఎవడైనా పడతాడే చేపలు. ఇట్లాంటి చలిలో పట్టినవాడే మొనగాడు."

"నువ్వే మొనగాడివి. పో. పోయి వాటితోనే కాపురం చెయ్యి. తిరిగి రాకపోయినా నాకేం బెంగ లేదు. కనీసం ఫ్రిజ్ అయినా చల్లగా ఉంటుంది."

అన్నాక లవెల్ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

తెల్లవారేసరికి గాలి కాస్త పడింది. పడిందంటే ఊపిరి తీసుకోవడానికి ఆగిందంతే. లవెల్ గుమ్మంలో నిలబడి, "పెర్సిమన్ వాగుకి పోతున్నా. మధ్యాహ్నం తిండికి వచ్చేస్తా," అన్నాడు. ఓలెటా మెలకువగానే ఉంది. అయినా గోడకేసి తిరిగి పడుకుంది, పలకలేదు.

మధ్యాహ్నం బీన్స్ ఉడికి చల్లారాయి. మొక్కజొన్న రొట్టె గట్టిపడింది. గాలి మాత్రం పొద్దున తీసుకున్న ఊపిరంతా ఒక్కసారి వదిలింది. ఫోను చేస్తే మోగలేదు. ఆవిడ షెడ్డులోకి వెళ్ళి చూసింది. లైఫ్ జాకెట్ మేకుకి లేదు, అమ్మయ్య అనుకుంది. అప్పుడు గోడ పక్కకి చూసింది. లంగర్లు రెండూ లేవు. ఒకటి కాదు, రెండూ. రెండెందుకు పట్టుకెళ్ళాడో అప్పటికి తనకే తేలలేదు. కారు తాళాలు తీసుకుంది.

రేవు దగ్గర నోవలీన్ ఎరల కొట్టు ముందు లవెల్ ట్రక్కు, దాని వెనక పడవని లాక్కొచ్చే బండి ఖాళీగా అలాగే ఉన్నాయి. కొట్టు లోపల పొయ్యి చుట్టూ నలుగురైదుగురు గాలం సరదా ఉన్న ముసలాళ్ళు కాఫీ కప్పులు పట్టుకుని కూర్చున్నారు. ఒక మూల ఎమెట్ ఉన్నాడు. చర్చి పాటల్లో లవెల్ పక్కనే నిలబడి బొంగురు గొంతుతో పాడేవాడు ఎమెట్. టలూషా మీద మాత్రం ఇద్దరూ ఒకళ్ళ పొడ ఒకళ్ళకి గిట్టని పోటీదార్లు. జలాశయం మీద పడవల్నీ చేపల వేటనీ కనిపెట్టే వార్డెన్ డాకరీ, గాలి చూసి అప్పటికే వచ్చాడు. కుర్రవాడు, ఈ ఊరికి కొత్త.

"ఓలెటా గారూ, ఆయన ఎటు వెళ్ళారో మీకేమైనా చెప్పారా?"

"పెర్సిమన్ వాగు," అంది ఓలెటా.

తడుముకోకుండా అంది. ఇన్నేళ్ళుగా ఎవరు అడిగినా అదే చెప్పింది. పక్కింటివాళ్ళకి, పాస్టరుకి, స్వయానా లవెల్ తమ్ముడికి కూడా.

"నాకూ అదే చెప్పాడు పొద్దున," అంది నోవలీన్ గల్లా వెనక నుంచి. "ఎరచేపలు కొంటూ. పెర్సిమన్ అయితే ఫర్వాలేదులే, చుట్టూ గుట్టలు, గాలి తగలదు. మోటారు మొరాయించి ఉంటుంది."

డాకరీ రేడియోలో రెండు పడవల్ని అటు పంపి, తనూ వెళ్ళాడు. పొయ్యి దగ్గర ముసలాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే వింత. మామూలుగా అయితే ఒక మాటకి పది మాటలు వినపడే కొట్టు అది.

టలూషా మీద ఎవడూ తను చేపలు పట్టే చోటు నిజం చెప్పడు. "ఎక్కడ పట్టావురా?" అంటే "నీళ్ళలో" అంటాడు. ఉత్తరానికి పోయేవాడు దక్షిణం అంటాడు, వినేవాడు సరేనని తలూపుతాడు, ఇద్దరికీ అబద్ధమని తెలుసు. అందులో తప్పేం లేదు, అది మర్యాద. ఎందుకంటే ఒక్కొక్కడూ జనవరిలో ఎవరూ లేని పూట చూసి, క్రిస్మస్ పండగ అయ్యాక జనం పారేసిన చెట్లకి సిమెంటు దిమ్మలు కట్టి, తన చోట ముంచి వస్తాడు. క్రాపీ కొమ్మల్లో కాపురముండే చేప. చట్టం ప్రకారం జలాశయం అందరిదీ. కానీ ఇంకొకడు ముంచిన చెట్ల మీద గాలం వేసినవాణ్ణి ఆ ఊళ్ళో కోళ్ళదొంగ కంటే హీనంగా చూస్తారు. చర్చిలో పక్కన కూర్చోరు.

ఓలెటా కూర్చోలేదు. నోవలీన్ ఇచ్చిన కాఫీ అందుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది, అక్కణ్ణించి తలుపు దాకా వచ్చింది, మళ్ళీ కిటికీ. బయట నీళ్ళు ఇటుకరంగు నుంచి బూడిదరంగుకి తిరిగాయి, అలల తలలు తెల్లగా విరుగుతున్నాయి. రేవు చెక్కల కింద నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. నిజంగానే పెర్సిమన్‌కి వెళ్ళి ఉండొచ్చు కదా అనుకుంది. ఇంత గాలి ముందుందని తెలిసి ఏ బుద్ధున్నవాడైనా అక్కడికే వెళతాడు. బుద్ధున్నవాడు అన్న మాట దగ్గర ఆవిడ ఆగిపోయింది. తిరిగి రాకపోయినా నాకేం బెంగ లేదు. ఆ మాట పళ్ళ మధ్య ఇరుక్కున్న ముల్లులా తగులుతూనే ఉంది.

రేడియో గరగరలాడింది. పెర్సిమన్ మొదటి నుంచి చివరి దాకా వెతికారట. ఏమీ లేదట. ఇంకోసారి చూస్తారట.

అప్పుడు ఆవిడ ఆలోచించడం మొదలుపెట్టింది. భయపడటం ఆపి ఆలోచించింది, పొగమంచులో బస్సు నడిపినప్పటిలాగా. పెర్సిమన్ వాగంతా మోకాటి లోతు, మహా అయితే నడుం లోతు. ఎండ కాసిన వారం క్రాపీలు అక్కడికి వచ్చి ఉంటాయి. ఈ చలిగాలికి ఒక్కటంటే ఒక్కటి ఉండదు. లోతున ఉన్న కొమ్మల్లోకి పోయి, ఒకదానికొకటి ఆనుకుని, కదలకుండా పడుంటాయి. ఎర ముక్కు ముందుకు వచ్చి నిలబడితే తప్ప నోరు తెరవవు. చేప లేని చోట లవెల్ ఉండడు. ఇంట్లో అబద్ధమైనా ఆడతాడు గానీ, పోవడం మాత్రం చేప ఉన్న చోటికే పోతాడు.

ఇంకొకటి. మొగుడు పట్టిన చేపల్ని ఇన్నేళ్ళూ కోసి కడిగింది ఆవిడే. మురికినీటి క్రాపీ పాలిపోయి ఉంటుంది. తేటనీళ్ళలో, చెట్ల నీడన బతికినది నల్లబడుతుంది. పెర్సిమన్ నీళ్ళు ఎప్పుడూ టీ నీళ్ళలా ఉంటాయి. చలి ముదిరిన ప్రతిసారీ లవెల్ తెచ్చినవి మాత్రం నల్లటి చేపలు, మెడ దగ్గర బొగ్గు రాసినట్టుండేవి. ఆవిడ ఎప్పుడూ అడగలేదు. తనకి తెలియదనుకుని ఆయన సంతోషపడుతుంటే పాడుచేయడం ఎందుకని.

టలూషాలో తేటనీళ్ళు, లోతు, రెండూ ఉన్న చోటు ఒకటే. జలాశయం కట్టినప్పుడు మునిగిపోయిన హార్మొనీ అనే పల్లె. దాని పక్కన పాత రైలుకట్ట, నీళ్ళలో కూలిన వంతెన మొండి స్తంభాలు. నట్టనడుమ, నాలుగు వైపులా గుట్ట అన్నది లేదు. అక్కడ గాలిలో పడవ నిలవాలంటే ఒక లంగరు చాలదు. ముందొకటి, వెనకొకటి వెయ్యాలి.

చెప్పాలని నోరు తెరిచింది. పొయ్యి చుట్టూ ఉన్న మొహాలు కనిపించాయి. టలూషా మీద ఆ చోటు ఎవరికి తెలియకూడదో వాళ్ళే ఉన్నారు, అందరూ, అందులో ఎమెట్. ఆవిడ నోరు మూసుకుంది. నిజంగా మూసుకుంది. ఒక్క క్షణమే అయినా ఆ తర్వాత ఎన్నో రోజులు ఆవిడకి ఆ క్షణమే గుర్తొచ్చింది.

"హార్మొనీ," అంది చివరికి. "రైలుకట్ట మీద. మా ఆయన పెర్సిమన్‌లో లేడు. ఎప్పుడూ లేడు."

కాఫీ కప్పులు ఆగిపోయాయి. నోవలీన్ రేడియో అందుకుంది. "డాకరీ పడవలు ఆ చివరి నుంచి తిరిగి రావడానికే పొద్దు గుంకుతుంది," అంది.

అప్పటికే ఎమెట్ లేచాడు. కోటు తొడుక్కుంటూ, "నా పడవ పెద్దది. రేవులోనే ఉంది," అన్నాడు. "నేను పోతా."

"నేనూ వస్తా."

"సిస్టర్, ఆ అలలు చూడు. నువ్వు ఒడ్డున ఉండి..."

"ఎమెట్, నోరు మూసుకుని నడువు."

రేవు దాటగానే గాలి వాళ్ళని పట్టుకుంది. ప్రతి అలకీ పడవ ముందుభాగం లేచి నేలకేసి కొట్టినట్టు పడుతోంది. చిమ్మిన నీళ్ళు మొహానికి తగిలి తుడుచుకునేలోపే చర్మాన్ని కొరుకుతున్నాయి. ఓలెటా రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. ప్రార్థన చేద్దామంటే మాటలు దొరకలేదు. ఒకటే మాట, ఉండు, ఉండు, ఉండు అని.

కాసేపటికి ఆవిడకి ఒక సంగతి తోచింది. ఎమెట్ ఆవిణ్ణి దారి అడగలేదు. కట్ట మైళ్ళ పొడవు. అందులో లవెల్ చోటు ఎక్కడని అడగలేదు. ఎడమ వైపు ఊరి నీళ్ళ ట్యాంకు చూసుకున్నాడు, కుడి వైపు పిడుగు పడి మాడిన పైన్ చెట్టు చూసుకున్నాడు, రెండూ ఒక లెక్కకి వచ్చేదాకా చుక్కాని తిప్పి, అక్కణ్ణించి తిన్నగా పోనిస్తున్నాడు.

"నేను నీకు దారి చెప్పలేదు," అంది.

ఎమెట్ వినిపించుకోనట్టు ఉన్నాడు.

"నిన్నే. నేను దారి చెప్పలేదు."

"తెలుసు," అన్నాడు, ముందుకే చూస్తూ. గాలికి అరిచి చెప్పాల్సి వచ్చింది, అరిచి చెప్పే మాట కాదది. "నాకు తెలుసు సిస్టర్, చాన్నాళ్ళుగా. లవెల్ లేనప్పుడు వచ్చి వాడి చెట్ల మీద వేస్తున్నా."

తేలు కుట్టిన దొంగలా కొట్టులో అంతసేపు ఎందుకు కూర్చున్నాడో అప్పుడు అర్థమైంది ఆవిడకి. డాకరీ పెర్సిమన్ అంటున్నప్పుడూ తెలుసు. అక్కడేమీ లేదని రేడియో చెప్పినప్పుడూ తెలుసు.

"చెబుదామనే అనుకున్నా. నోటి దాకా వచ్చి ఆగిపోయింది. వాళ్ళందరి ముందూ... దేవుడి మీద ఒట్టు, పెర్సిమన్‌లోనే దొరకాలని కోరుకుంటూ కూర్చున్నా."

అతన్ని నీళ్ళలోకి తోసెయ్యాలనిపించింది ఓలెటాకి. తోసేసి పడవ తనే నడుపుకుని పోదామనిపించింది. కానీ వార్డెన్‌కి మొదట పెర్సిమన్ అని చెప్పింది ఎవరు? నాలుక చివరి నుంచి, ఒక్క నిమిషం ఆలోచించకుండా?

"నా నోరూ ఆగింది," అంది. "తొందరగా పోనియ్."

మొదట కనిపించింది పడవ, బోర్లాపడి, ఎర్రరంగు అడుగు పైకి పెట్టి. తర్వాత స్తంభం. మొండి స్తంభం తలమీద ముడుచుకుని, దాన్ని రెండు చేతులా కావలించుకుని ఒక మూట. మూట తల ఎత్తింది.

దగ్గరికి పోవడానికి ఎమెట్ మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. ప్రతిసారీ అల వాళ్ళని రాతి మీదికి విసరబోయింది. చివరికి లవెల్ కాలర్ ఓలెటా చేతికి దొరికింది. బడి పిల్లల్ని బస్సులోకి లాగినట్టు లాగింది. ఇద్దరూ పడవ అడుగున నీళ్ళలో పడ్డారు. అతని కోటు పెంకులా బిగుసుకుపోయింది. ఊడబెరికి తన కోటు కప్పి, అతని చేతులు తన స్వెట్టర్‌లో పెట్టుకుంది. పొట్టకి తగిలిన ఆ చేతులు మనిషి చేతుల్లా లేవు.

లవెల్ పళ్ళు టకటకలాడుతున్నాయి. పెళ్ళాన్ని చూశాడు, ఆవిడ భుజం మీదుగా చుక్కాని దగ్గర ఉన్నవాణ్ణి చూశాడు. మొహంలో ఎక్కడెక్కడి ప్రాణమూ తిరిగొచ్చింది.

"వీడికి... ఈ చోటు... ఎవరు చెప్పారు?"

ఓలెటాకి ఏడుపూ నవ్వూ కలిసిపోయి ఊపిరాడలేదు. "నేనే చెప్పానురా సన్నాసీ," అంది. "నేనే."

ఎమెట్ వెనక్కి తిరిగి చూడలేదు.

ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచుకుని పంపించారు. ఇంటికొచ్చాక లవెల్ రెండు దుప్పట్లు కప్పుకుని, చోటు బయటపడినందుకు గొణుగుతూనే ఉన్నాడు. ఓలెటా ఎమెట్ సంగతి ఎత్తలేదు. అది అతను చెప్పుకోవాల్సిన మాట. రెండు రోజులకి అతనే వచ్చాడు, కోసి శుభ్రం చేసిన క్రాపీ ముక్కల గిన్నె పట్టుకుని. కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పేశాడు, కొట్టులో నోరు రాకపోవడంతో సహా.

లవెల్ దుప్పటి భుజాల మీదికి లాక్కున్నాడు. ఓలెటా వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"ఏ రంగు వేసేవాడివి?" అన్నాడు లవెల్.

"ఏంటి?"

"నా చెట్ల మీద. గాలం ఏ రంగుది?"

"నలుపూ పచ్చా."

"అంత తేటనీళ్ళలోనా? అందుకే నీకు చేపపిల్లలే పడుంటాయి."

"గంపెడు పడేవి."

"అబద్ధాలకోరు."

"నువ్వా చెప్పేది? పెర్సిమన్ వాగూ నువ్వూ!"

"ఆపండి!" అంది ఓలెటా. గరిటె బల్ల మీద కొట్టిన చప్పుడుకి ఇద్దరూ పిల్లల్లా సర్దుకున్నారు. "మీ ఇద్దరి అబద్ధాల మధ్యన నేను విధవనయ్యేదాన్ని. మీకు రంగులు కావాల్సి వచ్చిందా?"

ఎమెట్ టోపీ తీసుకుని, గిన్నె అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

ఆ చేపల్ని మొక్కజొన్న పిండిలో పొర్లించి వేయిస్తూ, ఆవిడ వెనక్కి తిరక్కుండా అడిగింది. "వాళ్ళకంటే దాచావు, సరే. అది మీ మగాళ్ళ గోల. నాకెందుకు చెప్పలేదు? నేనేమన్నా నీ చెట్ల మీదికి గాలం వేసుకుని వస్తానా?"

వెనక నుంచి కుర్చీ కిర్రుమంది.

"పెర్సిమన్‌లో గాలి తగలదు కదా," అన్నాడు. "ఆ పేరు చెబితే నువ్వు కిటికీ దగ్గర నిలబడవు."

నూనెలో ముక్కలు మాడుతున్న వాసన వచ్చేదాకా ఆవిడ అలాగే ఉండిపోయింది. నిజమే. ఇన్నేళ్ళలో ఆవిడ ఏ రోజూ కిటికీ దగ్గర నిలబడలేదు. ఆయన నీళ్ళ మీద ఉన్న ఎన్నో గాలి రోజుల్లో బట్టలు ఉతుక్కుంది, మధ్యాహ్నం కునుకు తీసింది. నమ్మకపోయినా, ఎక్కడో ఆ పేరు పట్టుకునే స్థిమితంగా ఉంది.

"ఇంక నాకు నిజమే చెప్పు," అంది. "నిలబడితే నిలబడతాను."

మార్చి మధ్యలో మళ్ళీ చలి తిరిగింది. ఎమెట్ తన పాత మోటారు తెచ్చి ఇచ్చాడు, ఇద్దరూ పోట్లాడుకుంటూ దాన్ని, గాలి తగ్గాక ఒడ్డుకి చేర్చిన లవెల్ పడవకి బిగించారు. ఒక తెల్లవారుజామున లవెల్ గుమ్మంలో నిలబడ్డాడు. అలవాటు కొద్దీ నోరు తెరిచి, మూసుకున్నాడు.

"హార్మొనీకి," అన్నాడు. "పడమటి గాలి. అంత పెద్దదేం కాదు. రెండు గంటలకల్లా వస్తా."

"సరే," అంది ఓలెటా. ఈసారి గోడకేసి తిరగలేదు. లేచి వెళ్ళి జాకెట్ బకిల్ తనే బిగించింది.

ఆ రోజు ఆవిడ చేత ఒక్క పనీ కాలేదు. జెండా చూసింది. వరండాలోకి వెళ్ళింది, షెడ్డు దాకా వెళ్ళి ఖాళీ మేకు చూసి వచ్చింది, మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చింది. మధ్యలో ఒకసారి ఫ్రిజ్ తలుపు తీసింది. లోపలి వెలుగు కేసి కాసేపు చూసి, ఎందుకు తీసిందో తెలియక, మూసేసింది.